లోయి అవ్వ బడి



డిసెంబరు 31 రాత్రి మన రాజంపేటలో చాలా చర్చిల్లో జరిగేది ఒకటుంది. పన్నెండు దాటుతుంది, ప్రార్థన ముగుస్తుంది, కేకు ముక్కలు పంచే లోపల ఒక పళ్లెంలో వాగ్దానపు కార్డులు తెచ్చి పెడతారు. ఒక్కొక్కరూ వెళ్లి కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. కార్డు మీద ఒక పువ్వో పావురమో ఉంటుంది, దాని కింద ఒకే ఒక వచనం. ఈ ఏడాది దేవుడు నాతో చెప్పిన మాట ఇదేనని దాన్ని బీరువా తలుపుకు అంటించుకునేవాళ్లున్నారు, బైబిల్లో దాచుకునేవాళ్లున్నారు. పిల్లలైతే ఫోటో తీసి అప్పటికప్పుడే స్టేటస్ పెట్టేస్తారు. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం చేతికొచ్చినవాళ్ల ముఖం ఆ రాత్రి వెలిగిపోతుంది. దేవుడు తన ప్రజలకు కీడు కాదు, మేలే తలపెట్టాడనీ, వాళ్లకు ముందు మంచిరోజులున్నాయనీ చెప్పే వచనం అది.

కార్డులు పంచే అయ్యగార్లను తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ ఒక్క వచనాన్ని పట్టుకుని కష్టకాలం గడిపిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి, వాళ్ల నమ్మకాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. నేను అడిగేదల్లా ఒకటే. ఆ వచనం ఒక ఉత్తరంలోది. కువైటు నుంచి మీ ఇంటికి ఉత్తరం వచ్చే రోజుల్లో, మధ్యలోంచి ఒక్క వాక్యం చదువుకుని మిగతాది మడిచి పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? డబ్బు ఎవరి చేత పంపిందీ, అప్పు ఎవరికి కట్టమందీ, పిల్ల చదువు గురించి ఏమన్నదీ, చివర్లో ఎవరెవరిని అడిగానని చెప్పమన్నదీ, అంతా చదివేవాళ్లం. చదువు రానివాళ్లు బడిపిల్లాణ్ని పిలిచి రెండుసార్లు చదివించుకునేవాళ్లు.

మరి యిర్మీయా ఉత్తరంలో ఏముంది?

క్రీస్తుకు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి, యెకొన్యా రాజునూ, పెద్దలనూ, కమ్మరివాళ్లనూ, వడ్రంగులనూ చెరపట్టి తీసుకుపోయాడు. ఊరిలో మిగిలినవాళ్లలో యిర్మీయా ఒకడు. దూరదేశంలో ఉన్న తనవాళ్లకు అతను రాసిన ఉత్తరమే ఈ 29వ అధ్యాయం. దాన్ని మోసుకుపోయినవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి: శాఫాను కొడుకు ఎల్యాశా, హిల్కీయా కొడుకు గెమర్యా. సరే, ఇప్పుడు ఒక పేజీ వెనక్కి తిప్పండి. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని గుడిలో జనం ముందు గట్టిగా చెప్పాడు. జనానికి కావలసిన మాట అదే. ఏం, మనం మాత్రం వినమా? ఈ ఏడాదే వీసా, ఈ ఏడాదే ఇల్లు, ఈ ఏడాదే సంతానం అంటే ఎంత బాగుంటుంది! యిర్మీయా మాత్రం రెండేళ్లు కాదు, డెబ్భై ఏళ్లు అని రాశాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ తిరిగి రారు. అందుకే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు, పిల్లలకు పెళ్లిళ్లు చేయమన్నాడు. అన్నిటికన్నా మింగుడుపడని మాట ఇంకొకటి ఉంది. మిమ్మల్ని చెరపట్టినవాళ్ల ఊరు క్షేమంగా ఉండాలని ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నాడు. ఇదంతా చెప్పిన తర్వాతే ఆ 11వ వచనం వస్తుంది.

ఇప్పుడు దాన్ని చదివితే బరువు మారిపోతుంది. మేలు చేస్తానన్న మాట నిజమే, కానీ అది రేపు ఉదయానికి అందేది కాదు. మనవళ్ల కాలానికి అందే మేలు. అందాకా ఏం చేయాలో కూడా చెప్పిన ఉత్తరం అది. కార్డు మీదున్న వచనం ఓదారుస్తుంది. అధ్యాయం మొత్తం చదివితే అది మనతో పని చేయిస్తుంది. బైబిలు అధ్యయనం అనే పెద్ద మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, అప్పుడు ఏం జరుగుతోంది, ముందూ వెనుకా ఏముంది అని అడుగుతూ చదవడం. గ్రీకు, హెబ్రీ రాకపోయినా ఇది చేయవచ్చు. కావలసింది ఓపిక, ఒక తెలుగు బైబిలు.

ఆ తెలుగు బైబిలు మన చేతికి రావడానికి ఎంతమంది ప్రాణాలు పెట్టారో కూడా కొంచెం చెప్పుకోవాలి. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీ మద్రాసులో ఉండి 1730ల నాటికే తెలుగులోకి బైబిలు తర్జుమా చేశాడు. అది అచ్చుకే నోచుకోలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు వాళ్లకు తోడై, పక్కన కూర్చుని మాటమాటా సరిచేశాడు. క్రాన్ 1809లో పోయాడు, దెగ్రాంజ్ 1810లో పోయాడు. వాళ్లు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. అచ్చుకాగితం ముట్టుకోవడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. మన కడపలో అదే సొసైటీ పని మొదలైంది 1822లో.

ఆ తర్వాతి వందేళ్లలో కడప, కర్నూలు పల్లెల్లో బైబిలును నిలబెట్టింది దొరలు కాదనే చెప్పాలి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల, జమ్మలమడుగు చుట్టుపక్కల మాలపల్లెల్లో కొట్టంలో బడి పెట్టి, పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు వాక్యం చెప్పిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు. వాళ్లలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఊరి బడిలో కూర్చోనివ్వని రోజుల్లో, పలక పట్టుకున్న మొదటి తరం వాళ్ల దగ్గరే చదువుకుంది. బాప్తిస్మానికి ముందు పది ఆజ్ఞలు, ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి. అక్షరం రాని ముసలివాళ్లు కూడా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నంబరుతో సహా చెప్పేవాళ్లు. ఫలానా పాట ఎన్నోది అని అడిగితే పుస్తకం తెరవకుండా చెప్పే అవ్వలు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. ఆ కీర్తనల్లో ఎన్నో రాసిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు, 1890లో పోయాడు. ఆయన పాటలు ఈ ఆదివారం కూడా మన చర్చిల్లో పాడతారు.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి. బాప్తిస్మం పొందిన ప్రతివాడి చేతా, తన తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను పలికించేవాడాయన. కూలివాడైనా సరే, వృద్ధురాలైనా సరే. వినేవాడు వినేవాడుగానే ఉండిపోకూడదని ఆయన పట్టుదల. ఈ సంగతి దగ్గర ఆగాల్సి ఉంది, ఎందుకంటే ఇప్పుడు మనకొచ్చిన జబ్బు సరిగ్గా వినేవాళ్లుగానే ఉండిపోవడం.

మనం వింటున్నాం. బాగా వింటున్నాం. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస కూటం, నెలకోసారి రాత్రి ప్రార్థన, ఏడాదికోసారి మైదానంలో మూడురోజుల సభలు. ఇవి చాలవన్నట్టు ఫోను తెరిస్తే పొద్దుట్నుంచి పడుకునేదాకా వాక్యమే. వంట చేస్తూ ఒక ప్రసంగం, బట్టలు ఉతుకుతూ ఇంకొకటి, మధ్యలో ఎవరో కోడలు అత్తను ఏడిపించే రీలు, మళ్లీ ప్రసంగం. రేడియోలో కూర్చుని వినడం ఎక్కువైందని చెప్పడం ఏం న్యాయమని మీరు అడగొచ్చు. అడగండి. నాకూ నవ్వు వస్తోంది. కానీ రేడియో సంగతి కొంచెం వేరు. సీషెల్స్ దీవుల నుంచి ఫీబా రేడియో 1970 నుంచి 2003 దాకా షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు చేసింది, తెలుగు కార్యక్రమాలు కూడా వచ్చేవి. వినేవాళ్లు విని ఊరుకునేవాళ్లు కాదు. కార్డు రాసేవాళ్లు, సందేహాలు అడిగేవాళ్లు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని, ఖాళీలు పూరించి, తిరిగి పంపించి, దిద్దిన కాగితం కోసం పోస్టుమ్యాన్‌కు ఎదురుచూసిన తరం అది. వినడం చదవడానికి దారి తీసింది. ఇప్పుడు వినడం ఇంకో వినడానికి దారి తీస్తోంది.

వింటే నష్టమేముంది అంటారా? అడగడం మర్చిపోతాం, అదే నష్టం. బెరయ ఊరివాళ్లు స్వయంగా పౌలు వచ్చి చెప్పినా, ఇంటికి పోయి లేఖనాలు తెరిచి, ఆయన చెప్పింది నిజమేనా అని ప్రతిరోజూ చూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్లను తప్పు పట్టలేదు, ఘనులని మెచ్చుకుంది. మన దగ్గర ఎవరైనా ప్రసంగం అయ్యాక లేచి, అయ్యగారూ ఈ వచనం ముందున్నది ఇట్లా ఉందే అని అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. అడిగినవాడికి గర్వం వచ్చిందంటారు. సంఘం ఎదగాలంటే ముందు ఆ భయం పోవాలి. మంచి కాపరి ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు. అట్లాంటి కాపరులు మన ప్రాంతంలో లేకపోలేదు.

వాక్యాన్ని మొత్తంగా చదవడం గురించి చెప్పేటప్పుడు భక్తసింగ్ గారిని తలుచుకోకుండా ఉండలేం. పంజాబులో 1903లో పుట్టాడు, సిక్కు కుటుంబం. మిషను బడిలో చదివేటప్పుడు ఎవరో బైబిలు ఇస్తే, మంచి తోలు అట్ట అని అట్ట ఉంచుకుని కాగితాలు చింపేశాడు. ఆ మనిషే 1929 డిసెంబరులో కెనడా విన్నిపెగ్‌లో ఇంజనీరింగు విద్యార్థిగా ఉన్నప్పుడు, ఒక స్నేహితుడిని కొత్త నిబంధన అడిగి తీసుకున్నాడు. మొదలుపెట్టిన రాత్రి తెల్లవారుజాము దాకా వదల్లేదు. 1933లో దేశానికి తిరిగొచ్చాడు. తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా ఆయన పని తెలుగునాట ఊరూరా పాకింది. మోకాళ్ల మీద ఉండి బైబిలు చదివే అలవాటు ఆయనది. ఆ సహవాసాల్లో పెరిగిన పెద్దవాళ్లను చూడండి, బైబిలు అంచులు నలిగిపోయి ఉంటాయి, ఏ పుస్తకం తర్వాత ఏ పుస్తకమో వేళ్లకే తెలుసు. ఆయన పద్ధతులన్నిటితో నాకు ఏకీభావం ఉందని కాదు. కానీ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివించిన మనిషిగా ఆయనకు తెలుగు సంఘం రుణపడి ఉంది.

ఇక శిష్యత్వం. ఈ మాట వినగానే కొందరికి క్లాసు, ఫైలు, చివర్న సర్టిఫికెట్టు గుర్తొస్తాయి. మార్కు సువార్త 3వ అధ్యాయం యేసు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో కారణాలు చెబుతుంది. మొదటి కారణం, వాళ్లు తనతో ఉండటానికి. పంపడం తర్వాతి సంగతి. కలిసి నడవడం, కలిసి తినడం, పడవలో కలిసి తడవడం, తప్పు చేస్తే అక్కడే దిద్దించుకోవడం. అపొల్లో అనే గొప్ప వక్త ఎఫెసులో ప్రసంగిస్తుంటే ప్రిస్కిల్ల, అకుల అనే భార్యాభర్తలు విన్నారు. కొంత తక్కువైందని గమనించారు. సభలో లేచి నిలదీయలేదు, తమతో చేర్చుకుని మార్గం ఇంకా పూర్తిగా చెప్పారు. వాళ్లు ఎవరనుకున్నారు? గుడారాలు కుట్టుకుని బతికే పనివాళ్లు. పౌలుది కూడా అదే పని. శిష్యత్వానికి వేరే భవనం అక్కర్లేదు, అన్నం పెట్టే ఇల్లుంటే చాలు.

కాలేజీ పిల్లల మధ్య యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థుల సంస్థ 1954 నుంచి ఇదే పద్ధతిలో పని చేస్తోంది. నలుగురైదుగురు హాస్టల్ గదిలో కూర్చుని ఒక భాగం చదవడం, ఇందులో ఏముంది, దీని అర్థమేంటి, రేపు పొద్దున నేనేం చేయాలి అని మాట్లాడుకోవడం. అంతే. మైకు అక్కర్లేదు.

కానీ మన రాజంపేటకు నేను చూపించాలనుకున్న శిష్యత్వం హాస్టల్లో లేదు. రాజంపేట, కోడూరు, నందలూరు ఇళ్లలో ఎంతమంది తల్లులు కువైటులో ఉన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఖద్దామా వీసా మీద పోయి అరబ్బుల ఇళ్లలో పని. కువైటు నగరంలో ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో రకరకాల భాషల సంఘాలు కూడుకుంటాయి, తెలుగువాళ్లు కూడా. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి శుక్రవారమే ఆరాధన. అయితే ఇంటి పనిమనుషుల్లో చాలామందికి ఆ శుక్రవారం కూడా దొరకదు. ఇక్కడ పిల్లల్ని సాకేది అవ్వ.

మా వీధిలో అట్లాంటి ఇల్లొకటి ఉంది. అవ్వకు అక్షరాలు రావు. మనవడు తొమ్మిదో తరగతి. రాత్రి అన్నాలు అయ్యాక వాడు మంచం మీద కూర్చుని ఒక అధ్యాయం పైకి చదువుతాడు, ఫోనులో రికార్డు చేసి ఇమో యాప్‌లో వాళ్లమ్మకు పంపుతాడు. చదివేటప్పుడు అవ్వ ఊరికే ఉండదు. "అబ్బోడా, గబగబా పోవద్దు. ఈ మాట ఎవురు చెప్పినారు? ఎవురికి చెప్పినారు?" అంటుంది. వాడు చూసి చెప్పాలి. "యాడ నుంచి వచ్చినారు వాళ్లు?" మళ్లీ వెనక్కి పోయి చూడాలి. వాడు ఒక పేరు తప్పు పలికితే దిద్దుతుంది, చిన్నప్పుడు ఉపదేశి నోట విన్న పేరు ఆమె చెవిలో అట్లనే ఉంది. వాళ్లమ్మ పని ముగించుకుని పడుకునేముందు ఆ రికార్డింగు వింటుంది. పొద్దున వీడు లేచేసరికి ఒక వాయిస్ మెసేజ్ ఉంటుంది: "నాయనా, నిన్న చదివినదాంట్లో ఆయన తినకుండా ఎందుకు పడుకున్నాడు? రాత్రికి చెప్పు." అక్కడ యజమాని ఇంట్లో గొంతు పెంచకూడదు కాబట్టి ఆ మాటలు గుసగుసగా ఉంటాయి. అవ్వకు సరిగా వినపడదు. వాడు మళ్లీ చెబుతాడు. అధ్యయనం, శిష్యరికం, సమయం వాడుకోవడం, మూడూ ఆ మంచం మీదే జరుగుతున్నాయి. వాళ్లకు ఆ మాటలు తెలియవు, అంతే తేడా.

బైబిల్లో ఈ కుటుంబం ఉంది. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, ఆ అబ్బాయి విశ్వాసం మొదట వాళ్లవ్వ లోయిలోనూ, తల్లి యునీకేలోనూ ఉండేదని పౌలు గుర్తు చేస్తాడు. తండ్రి గ్రీసు దేశస్థుడు, ఊరు లుస్త్ర. చిన్నతనం నుంచే లేఖనాలు తెలుసన్నాడు కాబట్టి నేర్పింది ఆ ఇద్దరు ఆడవాళ్లేనని అర్థమవుతూనే ఉంది. లోయి పేరు బైబిలు మొత్తంలో ఆ ఒక్కచోటే వస్తుంది. ఆమె ప్రసంగించిందని లేదు, సంఘం కట్టిందని లేదు. మనవడిని కూర్చోబెట్టి చదివించింది. రెండో అధ్యాయానికి వస్తే పౌలు ఇంకో మెట్టు చూపిస్తాడు: నా దగ్గర విన్నది నమ్మకమైనవాళ్లకు అప్పగించు, వాళ్లు ఇంకొందరికి నేర్పగలిగినవాళ్లై ఉండాలి అని. పౌలు, తిమోతి, నమ్మకమైనవాళ్లు, ఇంకొందరు. నాలుగు తరాలు. మనకు తెలిసిన ప్రసంగాలు ఎన్ని అన్నది కాదు ఇక్కడ లెక్క. నేను నేర్పినవాడు ఇంకొకడికి నేర్పుతున్నాడా అన్నది.

అన్నీ బాగానే ఉన్నాయి సార్, టైమేదీ అంటారు. ఈ మాట నేను కొట్టిపారేయను. కోడూరు తోటల్లో కాయ కోతకు తెల్లవారక ముందే ఆటో ఎక్కే ఆడవాళ్లున్నారు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో షిఫ్టు చేసేవాళ్లున్నారు. వాళ్లకు పొద్దున్నే లేచి గంటసేపు ధ్యానం చేయండి అని ఏసీ గదిలోంచి చెప్పడం దయలేని పని. అందుకే లెక్క చూద్దాం. బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. పైకి చదివితే మొత్తం సుమారు 70, 80 గంటలు పడుతుంది. రోజుకు పావుగంట చొప్పున ఏడాదికి 91 గంటలు. రోజుకు పావుగంట లేనివాళ్లు నిజంగా కొద్దిమందే. మనలో చాలామందికి ఆ పావుగంట ముక్కలు ముక్కలుగా ఫోనులోకి పోతోంది. ఒకవేళ బైబిలంతా పెద్ద మాట అనిపిస్తే, కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్క అధ్యాయం. శని, ఆదివారాలు వదిలేసినా ఏడాదికి పూర్తవుతుంది.

వేళ ఏదైనా పరవాలేదు, కానీ ఒకటే వేళ ఉండాలి. అన్నాల తర్వాత అంటే అన్నాల తర్వాతే. ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుదామనుకున్నది ఎవరి ఇంట్లోనూ సాగలేదు. ఇంకొక సంగతి కూడా ఉంది, ఇది చెబితే కొందరికి కోపం రావచ్చు. సమయం సద్వినియోగమంటే కూటాల సంఖ్య పెంచడం కాదు. వారానికి నాలుగు రాత్రులు కూటాలకు పోయి, ఇంట్లో పరీక్షకు చదివే పిల్ల పక్కన కూర్చోలేని తండ్రి ఎదిగాడని నేను అనుకోను. మార్కు 5వ అధ్యాయంలో యేసు యాయీరు ఇంటికి పోతున్నాడు, పిల్ల చావుబతుకుల్లో ఉంది, తొందర ఎంతుండాలి! దారిలో ఒక స్త్రీ ఆయన వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆగాడు. ఆమె జరిగిందంతా చెప్పేదాకా నిలబడ్డాడు. దారిలో అడ్డం వచ్చిన మనిషిని సమయం తినేసే మనిషిగా ఆయన చూడలేదు.

ముంగమూరి దేవదాసు అయ్యగారు, 1938లో బైబిలు మిషను ప్రారంభించిన ఆయన, దేవుని సన్నిధిలో మాటలు లేకుండా కనిపెట్టుకుని ఉండటం నేర్పారు. లెక్కల మనిషికి అది వృథా కాలంలాగా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఆ పావుగంటలో చివరి రెండు నిమిషాలైనా అట్లా ఊరికే ఉండటానికి వదిలిపెట్టాలి. చదివింది లోపలికి దిగడానికి ఆ ఖాళీ కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, చదువు రాని అవ్వలూ తాతలూ, మీకొక చిన్న పని అప్పగించి ముగిస్తాను. తిమోతికి రాసిన రెండో పత్రికలో నాలుగే అధ్యాయాలున్నాయి, 83 వచనాలు. రోము చెరసాలలో ఉన్న ముసలి పౌలు రాసింది. చివర్లో, త్రోయలో కర్పు దగ్గర విడిచిపెట్టిన అంగీ తీసుకురమ్మంటాడు, పుస్తకాలు తెమ్మంటాడు, చలికాలం రాకముందే రమ్మని బతిమాలతాడు. మొత్తం పైకి చదవడానికి పావుగంట చాలు. ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. మీకు చదవడం రాకపోతే వాళ్ల చేత చదివించుకోండి. చదివాక ఒక్క ప్రశ్న అడగండి. రేపు రాత్రి కూడా కూర్చోండి.